తోకచుక్క నుంచి గబ్బిలం దాకా: ప్రతీకలనూ జ్ఞానోదయ యుగపు ప్రశ్నలనూ కలిపి పాఠం చెప్పడం ఎలా

ఇంటర్, డిగ్రీ తరగతుల్లో ప్రతీక అనే మాట వినపడగానే పిల్లల నోట్సులో ఒక పట్టిక తయారవుతుంది. దీపం అంటే జ్ఞానం, చీకటి అంటే అజ్ఞానం, తామర అంటే పవిత్రత. చరిత్ర పీరియడులో ఇంకో పట్టిక: వోల్టేర్, రూసో, దిదెరో, ఎవరు ఏ పుస్తకం ఎప్పుడు రాశారు. రెండూ మార్కులు తెస్తాయి గానీ పద్యం చదవడం మాత్రం నేర్పవు.

ఈ రెండు పాఠాలనూ ఒకచోటికి తెస్తే పని సులువవుతుంది. ఆకాశంలో తోకచుక్క పొడిస్తే రాజుకు కీడు అనడం కూడా ఒక ప్రతీకను చదవడమే. ఆ చదువుకు ఆధారమేమిటని జ్ఞానోదయ యుగం, అంటే పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల యూరప్, అడిగింది. పద్యంలో ఈ వస్తువుకు ఈ అర్థం ఉందని ఎలా చెబుతావని సాహిత్యం మాస్టారు అడిగేదీ ఆ ప్రశ్నే. పాఠమంతా ఈ ఒక్క ప్రశ్న మీద నడవాలి.

కింది పథకం ఏడు పీరియడ్లది. పీరియడుకు 45 నిమిషాలు, తరగతిలో 40 మంది అని లెక్క వేసుకున్నాం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లూ, ఇంట్లో ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చునే హైదరాబాద్ కాలేజీలను మనసులో పెట్టుకుని రాసింది ఇది. తొమ్మిది, పది తరగతులకైతే ఐదో పీరియడు వదిలేయవచ్చు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

గురజాడ ‘ముత్యాల సరములు’ ఇద్దరికొకటి చొప్పున 20 ప్రతులు. జాషువా ‘గబ్బిలం’ నుంచి నాలుగైదు పద్యాలు, అవీ 20 ప్రతులే. ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వం ముఖచిత్రం ఏ3 సైజులో రెండు ప్రింట్లు. ప్రొజెక్టర్ ఉంటే అవీ అక్కర్లేదు. చార్టు పేపర్లు 8, స్కెచ్ పెన్నులు. తోకచుక్కల భయాన్ని ప్రశ్నించిన ఫ్రెంచి తత్త్వవేత్త పియర్ బేల్ వాదాన్ని మీ మాటల్లో అర పేజీకి కుదించి రాసిపెట్టుకోండి. అనువాదం కోసం వెతుకుతూ కూర్చుంటే వారం గడిచిపోతుంది.

గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రచనల మీద కాపీరైటు లేదు. జాషువా మరణం 1971లో. మన చట్టంలో రచయిత తర్వాత 60 ఏళ్లు హక్కులుంటాయి. పాఠం చెప్పడానికి కొన్ని పద్యాలు జిరాక్స్ తీయించుకోవడానికి 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. పుస్తకం మొత్తం పీడీఎఫ్ చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం వేరే సంగతి. పాత ప్రతులు, సంపుటాలు కావాలంటే సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయంలోనో, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనో చూడండి.

మొదటి పీరియడు: శకునం వేరు, ప్రతీక వేరు

బోర్డు మీద మూడు గళ్లు గీయండి: వస్తువు, అది చేస్తుందని చెప్పే పని, అది తలపించే విషయం. మొదట ఎవరికీ పేచీ లేని వస్తువులు పెట్టండి. ట్రాఫిక్ సిగ్నల్‌లో ఎర్రలైటు, జాతీయ జెండా, చార్మినార్ బొమ్మ. ఎర్రలైటు బండిని ఆపదు, ఆగమని చెబుతుంది, ఆపేది మనిషి. ఇంత చిన్న విషయం స్పష్టం కావడానికే పది నిమిషాలు పడుతుంది. తొందరపడకండి, పాఠం మొత్తానికి పునాది ఇదే.

తర్వాత శకునాన్ని తెచ్చి పక్కన పెట్టండి. శకునం రెండో గడిలో గట్టిగా మాట్లాడుతుంది: ఇది కనపడింది కాబట్టి అది జరుగుతుంది. సాహిత్యంలో ప్రతీక మూడో గడిలోనే ఉంటుంది. ఏమీ జరిపించదు, ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని తలపిస్తుంది. అందుకే శకునాన్ని పరీక్షకు పెట్టవచ్చు, నిజమో కాదో తేలుతుంది. ప్రతీక దగ్గర నిజమా కాదా అని అడిగి లాభం లేదు; ఈ పద్యం ఈ అర్థాన్ని మోస్తుందా లేదా అనే అడగాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఉత్సాహంలో దుకాణాల ముందు వేలాడే నిమ్మకాయ మిరపకాయలు, కడుతున్న ఇంటి ముందు దిష్టిబొమ్మ మొదటి రోజే తెచ్చేస్తారు. దాంతో తరగతి రెండుగా చీలుతుంది. సగం మంది నవ్వుతారు, ఇంట్లో వాటిని కట్టేవాళ్లు ముడుచుకుపోతారు. ఆ తర్వాత ఎంత చెప్పినా వాళ్లు నోరు విప్పరు. అందుకే ఈ పథకం దూరం నుంచి దగ్గరికి వస్తుంది. 1680 నాటి పారిస్ మీద మన తరగతిలో ఎవరికీ మమకారం లేదు. ప్రశ్న అడగడం అక్కడ నేర్చుకుని, ఆ తర్వాత మన వీధికి రావాలి.

రెండో పీరియడు: బేల్, హేలీ

1680 డిసెంబరులో యూరప్ ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించింది. జనం హడలిపోయారు. 1682లో పియర్ బేల్ దాని మీద పుస్తకం వేశాడు. ఖగోళ గణితం జోలికి ఆయన పోలేదు. నమ్మకం నిలబడ్డ తీరునే పట్టుకున్నాడు. వాదాన్ని మూడు ముక్కలుగా చెప్పండి. చాలామంది చాలాకాలంగా నమ్మడం రుజువు కాదు; ఒకడన్నది వెయ్యిమంది అప్పజెప్పినా అది ఒక్క సాక్ష్యమే. తోకచుక్క వచ్చిన తర్వాతి ఏళ్లలో జరిగిన ఆపదలు మిగతా ఏళ్లకన్నా ఎక్కువేం కావు. ఒకదాని వెంట ఒకటి వచ్చినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు.

మూడో ముక్కకు ఆయన ఇచ్చిన ఉదాహరణ పిల్లలకు బాగా పడుతుంది. పారిస్‌లో సెయింట్ ఆనొరే వీధిలో ఒకావిడ కిటికీలోంచి తల బయట పెట్టినప్పుడల్లా బళ్లు పోతుంటాయి. తాను చూడబట్టే అవి పోతున్నాయని అనుకుంటే ఎలా ఉంటుంది? ఆబిడ్స్‌లో బాల్కనీ అనీ, ఆర్టీసీ బస్సు అనీ మార్చి చెప్పమని ఎవరో ఒకరికి అప్పగించండి. పిల్లలే చెప్పాలి, మీరు చెబితే జోకుగా మిగిలిపోతుంది.

బేల్ సందేహంతో సగం పనే అయింది. మిగతా సగం ఇంగ్లండు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ హేలీది. 1531, 1607, 1682 సంవత్సరాల తోకచుక్కలు మూడూ ఒకటేనని 1705లో ప్రకటించి, అది మళ్లీ 1758లో వస్తుందన్నాడు. 1742లో ఆయన పోయాడు. 1758 డిసెంబరు 25 రాత్రి జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర పాలిచ్ అనే రైతు దాన్ని చూశాడు. అది సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది ఏప్రిల్ నడుమ అని క్లైరో, లలాంద్, నికోల్ రేన్ లెపోత్ అనే ఆవిడ కలిసి ముందే లెక్కకట్టారు, నెల అటూ ఇటూ కావచ్చనీ అన్నారు. వచ్చింది 1759 మార్చి 13న. ఆ నెల తేడాను దాచకండి. శకునం చెప్పేవాడు తన మాట ఎంతవరకు తప్పవచ్చో ముందే చెప్పడు, వీళ్లు చెప్పారు.

మూడో పీరియడు: నాలుగు గళ్ల పట్టిక

సాహిత్యం పాఠంలో లెక్కలేమిటని అనిపించవచ్చు. ఈ పీరియడు మాత్రం తీసేయకండి.

ఐదుగురేసి చొప్పున ఎనిమిది గుంపులు చేసి తలా ఒక చార్టు ఇవ్వండి. నిలువుగా ‘హేలీ వచ్చింది’, ‘రాలేదు’; అడ్డంగా ‘ఆపద జరిగింది’, ‘జరగలేదు’. హేలీ తోకచుక్క వచ్చిన ఏళ్లు 1835, 1910, 1986 అని చెప్పి నింపమనండి. 1910 మే 6న ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పోయాడు. తోకచుక్క వల్లేనని అప్పట్లో అన్నవాళ్లున్నారు. 1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చింది. మొదటి గడి నిండుతుంటే నమ్మకానికి బలం వస్తున్నట్టే ఉంటుంది. అప్పుడు మూసీని తీసుకురండి. ఈ నగరాన్ని ముంచెత్తిన వరద 1908 సెప్టెంబరు 28న వచ్చింది, తోకచుక్కకు ఏడాదిన్నర ముందు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పోయింది 1911 ఆగస్టులో, అంటే తోకచుక్క వెళ్లిన ఏడాది తర్వాత. దాన్ని ఏ గడిలో వేస్తారు? ఇక్కడ గుంపులు కొట్లాడుకుంటాయి, కొట్లాడుకోనివ్వండి. ‘ఎంతకాలం లోపల జరిగితే తోకచుక్క వల్ల జరిగినట్టు’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఈ పీరియడంతా ఆ ప్రశ్న కోసమే.

‘మరి 2020లో కరోనా వచ్చింది కదా, తోకచుక్క కూడా కనిపించింది కదా’ అని ఎవరైనా అనవచ్చు. నిజమే, నియోవైజ్ అనే తోకచుక్క కంటికి కనిపించింది జులైలో. కరోనా అప్పటికే మార్చిలో లాక్‌డౌన్ పెట్టించింది. వరుస చూడమనండి చాలు.

అసలు పొరపాటు జరిగేది నాలుగో గడి దగ్గర. తోకచుక్కా లేదు, ఆపదా లేదు అనే గడిని పిల్లలు ఖాళీగా వదిలేస్తారు. ఏమీ జరగని ఏళ్లు ఎవరికీ గుర్తుండవు, పేపర్లోనూ రావు. నమ్మకం బతికేది ఆ ఖాళీ గడి వల్లే. కనీసం పది మామూలు సంవత్సరాలైనా అందులో రాయించండి.

నాలుగో పీరియడు: ‘ముత్యాల సరములు’

హేలీ 1910లో మళ్లీ వచ్చింది. భూమి దాని తోకలోంచి పోతుందని, విషవాయువు వ్యాపిస్తుందని ప్రపంచమంతా గగ్గోలు పడింది. హైదరాబాద్‌లో అప్పటికే నిజామియా అబ్జర్వేటరీ ఉంది. 1901లో ఒక నవాబు స్థాపించిన దాన్ని 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. అదే 1910లో గురజాడ ఈ పద్యం రాశారు.

మొదట అర్థాలు చెప్పకుండా రెండుసార్లు గట్టిగా చదివించండి. తర్వాత తోకచుక్కకు కవి పెట్టిన పోలికలన్నీ కింద గీత గీయమనండి. వరుస చూడండి. కవి ఎదుట ఉన్న స్త్రీ ముఖం చందమామ. ఆకాశంలో ఉన్నది కేతువనా చందురుడు అలిగి చూడడం లేదు అని మొదలుపెడతాడు. అంటే లోకం చదివే చదువునే తీసుకుని సరసంగా మార్చాడు. వెంటనే, అది కేతువా, కాదు, వేల్పు స్త్రీల చేతిలోని తెల్ల కలువ అంటాడు. ఆ తర్వాత భూమికి దూరబంధువు, దారిన పోతూ చూడవచ్చాడు అంటాడు. చివరికి దాన్ని సంఘ సంస్కరణ ప్రయాణానికి పతాకగా తలుస్తాడు.

ఈ దూరబంధువు దగ్గర ఆగండి, కనీసం పది నిమిషాలు. బేల్, హేలీ చెప్పింది ఇందులో మొత్తం ఉంది. దూరబంధువు మన కోసం రాడు, తన దారిన తాను పోతుంటాడు; వస్తాడు, పోతాడు, మళ్లీ ఎప్పుడో వస్తాడు. అది హేలీ లెక్కే, తెలుగింటి మాటలో. పైగా చుట్టాన్ని చూసి ఎవరూ జడుసుకోరు. భయాన్ని తీసి కవి అక్కడ బంధుత్వం పెట్టాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న వేయండి: తోకచుక్కకు అర్థం లేదని బేల్ తేల్చాడు కదా, మరి గురజాడ దానికి పతాక అనే అర్థం మళ్లీ ఎందుకు ఇచ్చాడు? ఇది మూఢనమ్మకం కాదా? మొదటి పీరియడులో గీసిన మూడు గళ్లు పనికొచ్చేది ఇక్కడే. తోకచుక్క సంస్కరణ తెస్తుందని కవి అనడం లేదు. తాను అలా తలుస్తున్నానంటున్నాడు. రెండో గడి ఖాళీ, మూడో గడి నిండు. పిల్లలు ఈ తేడాను తమ మాటల్లో రెండు వాక్యాలుగా రాసేదాకా ముందుకు పోకండి.

చురుకైన పిల్లలకు ఇంకో ముడి ఇవ్వవచ్చు. కంటికి కానరాని వస్తుతత్త్వం చూడగల నేర్పరులని, అబద్ధం ఒల్లరని ఇంగ్లీషువాళ్లను ఈ పద్యంలోనే మెచ్చుకున్నాడు కవి. రాసింది వలస పాలనలో. పాత అధికారాన్ని కాదని కొత్త అధికారానికి తలవంచడమా, లేక వాళ్ల విద్య నేర్చి తానే సత్యం వెతకడమా? రెండు వైపులా పద్యంలో ఆధారం దొరుకుతుంది. తీర్పు మీరివ్వకండి.

ఐదో పీరియడు: కాంట్, ముసుగు తీసిన సత్యం

జ్ఞానోదయం అంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబుగా 1784లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ రాసిన చిన్న వ్యాసం చాలు. నా బదులు అర్థం చేసుకునే పుస్తకం, నా బదులు అంతరాత్మగా ఉండే మతగురువు, నా బదులు తిండి నిర్ణయించే వైద్యుడు ఉంటే నేను కష్టపడనక్కర్లేదు కదా అని ఎత్తిపొడుస్తాడు. ‘మీ దగ్గర అలాంటి పుస్తకం ఏముంది?’ అని అడగండి. గైడు అని వెనక బెంచీనుంచే వస్తుంది. ఆ జాబితాలో మాస్టారు చెప్పిన నోట్సునూ చేర్చమనండి.

తర్వాత ముఖచిత్రం. దిదెరో, దలాంబేర్‌ల విజ్ఞాన సర్వస్వం 1751లో మొదలైంది; కొషాన్ గీసిన ఈ బొమ్మ 1772లో అచ్చైంది. నడుమ సత్యం, చుట్టూ వెలుగు. హేతుబుద్ధి, తత్త్వశాస్త్రం అనే ఇద్దరు స్త్రీలు ఆమె మేలిముసుగు లాగుతున్నారు. పాదాల దగ్గర మతశాస్త్రం. ఎవరెవరో చెప్పకుండా ఐదు నిమిషాలు చూడనిచ్చి, ఆ తర్వాత పేర్లు చెప్పండి. ముసుగులేని సత్యం కావాలన్నవాళ్లు ఆ మాట చెప్పడానికి ఇన్ని ప్రతీకలు ఎందుకు వాడుకున్నారని అడిగితే పీరియడు దానంతటదే నడుస్తుంది.

రెండు అపోహలు ఇక్కడే తీర్చేయాలి. జ్ఞానోదయం అనగానే చాలామందికి బోధివృక్షం గుర్తొస్తుంది. ఇది యూరప్‌లో ఒక కాలం పేరు అని మొదటే చెప్పండి. రెండోది, ఆ కాలపు వాళ్లంతా నాస్తికులనుకోవడం. వోల్టేర్ దేవుణ్ని నమ్మాడు. చర్చి పెత్తనంతో, మతం పేరిట హింసతో ఆయనకు పేచీ. వెలుగు అందరి మీదా పడలేదని కూడా చెప్పాలి. ఫ్రాన్సులో మనిషి హక్కుల ప్రకటన 1789లో వస్తే, అందులో ఆడవాళ్లు ఏరీ అని 1791లో ఒలాంప్ ద గూజ్ స్త్రీల హక్కుల ప్రకటన రాసింది. 1793లో ఆమెను గిలెటిన్ ఎక్కించారు.

ఆరో పీరియడు: ‘గబ్బిలం’

ఇప్పటికి తరగతి మన గడపలోకి రావడానికి సిద్ధంగా ఉంటుంది. గబ్బిలం ఇంట్లో దూరితే అశుభం అంటారు. అది పిల్లలే చెబుతారు. 1941లో జాషువా దాన్నే దూతను చేశాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. అంటరానివాడని దూరం పెట్టిన ఈ కథానాయకుడికి దొరికింది గబ్బిలం, అదీ కాశీలో శివుడికి కబురు చెప్పడానికి.

ఎక్కువసేపు చదివించవలసిన పద్యం, గుడిలో గబ్బిలం వేలాడేది. అప్పుడు శివుడి చెవి దానికి కాస్త చేరువగా ఉంటుంది, పూజారి లేని వేళ చూసి నా బతుకు విన్నవించు అంటాడు. ఇందులో ఒక్కో వస్తువు ఎక్కడ నిలబడిందో చార్టు మీద గీయించండి: గర్భగుడి, వేలాడే గబ్బిలం, పూజారి, గుడి బయట మనిషి. దూరాలు గీస్తే చాలు, అర్థం వేరే చెప్పనక్కర్లేదు. గబ్బిలానికి ఉన్న ప్రవేశం మనిషికి లేదు.

ఇక్కడ పిల్లలు ‘గబ్బిలం అంటే దళితుడు’ అని రాసేస్తారు. కాదనకుండా, అలాగైతే కబురు పంపేవాడు ఎవరని అడగండి. గబ్బిలం అతనిలాగే చీకటిది, అశుభమనిపించుకున్నది. అయినా అతనికి లేని స్వేచ్ఛ దానికుంది. పోలికా తేడా రెండూ ఉన్నాయి కాబట్టే అది ప్రతీకగా నిలబడింది. సమానం గుర్తు పెట్టి రాసే జవాబు ఆ తేడాను మింగేస్తుంది. ఇంకో మాట: ఇతను శివుణ్ని కాదనడం లేదు, శివుడికీ తనకూ మధ్య నిలబడ్డవాళ్లను ప్రశ్నిస్తున్నాడు. వోల్టేర్ సంగతి గుర్తున్న పిల్లలు ఇక్కడ చెయ్యెత్తుతారు.

ఈ పీరియడుకు కట్టుబాట్లు ముందే బోర్డు మీద రాయండి. మాటను ప్రశ్నిస్తాం, మనిషిని కాదు. ఎవరినీ వాళ్ల కులం తరఫునో మతం తరఫునో మాట్లాడమని అడగం. ఎవరు ఏం నమ్ముతారో చేతులెత్తించి లెక్కపెట్టం. చివరిదాన్ని మరిచిపోయి ‘మీలో ఎంతమంది నమ్ముతారు’ అని అలవాటుగా అనేస్తారు మాస్టార్లు. ఆ మాటే ఇంటికి ఫిర్యాదుగా వెళుతుంది. ఇంటినుంచి ఎవరైనా వస్తే మూడు గళ్ల చార్టు చూపించండి. పిల్లలను నమ్మమనలేదు, మానమనలేదు, చదవమన్నామని దానితోనే తెలుస్తుంది.

ఏడో పీరియడు: మన ఊరి చెట్టు

చింతచెట్టు మీద దయ్యాలుంటాయంటారు. 1908 మూసీ వరదలో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. వరద శాంతించాలని నిజాం నదికి పూజ చేశాడన్న కథ కూడా నగరంలో ఉంది. ఆ తర్వాతి ఏడు, 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన ప్రణాళిక నుంచే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. పూజ కథను కథగా, ఆనకట్టను చరిత్రగా విడదీసి చెప్పండి.

ఈ చెట్టునో, ఇప్పుడు బయటికి తీసిన నిమ్మకాయ మిరపకాయలనో తీసుకుని 150 మాటల్లో పేరా రాయమనండి. లోకం దాన్ని ఎలా చదువుతుంది, ఆ చదువులో పరీక్షకు నిలిచేది ఏది, ఒక కవి దాన్ని ఎలా చదవవచ్చు అనే మూడూ అందులో రావాలి. సమయం 25 నిమిషాలు. వీలైతే తర్వాతి శనివారం నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్లండి. 1985 నుంచి నడుస్తోంది. తెలుగు ప్రదర్శన వేళ ముందే కనుక్కోండి, లేకపోతే ఇంగ్లీషు షోకు టికెట్లు తెగిపోతాయి.

మార్కులు 20. పాఠంలోని మాటను చూపించి మాట్లాడినందుకు 8, కాలం, కారణం సరిగ్గా పెట్టినందుకు 5, తన అర్థానికి ఎదురుగా ఇంకొకటి సాధ్యమని చూపినందుకు 4, భాషకు 3. మీ అభిప్రాయంతో ఏకీభవించినందుకు సున్నా. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. దిద్దేటప్పుడు ‘సూచిస్తుంది’, ‘ప్రతీకగా నిలుస్తుంది’ అన్న క్రియల కింద ఎర్రగీత గీసి, పక్కన ‘ఏ మాట వల్ల?’ అని రాస్తే చాలు. రెండోసారి రాసిన ప్రతిలో ఆ క్రియలు సగానికి తగ్గి, పద్యంలోని మాటలు పెరుగుతాయి.

ఏడు పీరియడ్లు దొరకనివాళ్లు మూడింటిలో ముగించవచ్చు: బేల్‌తో కలిపి నాలుగు గళ్ల పట్టిక ఒకటి, ‘ముత్యాల సరములు’ ఒకటి, ‘గబ్బిలం’ ఒకటి. మూడు గళ్ల చార్టును మొదటి రోజు పది నిమిషాల్లో పెట్టేసి గోడకు అంటించి ఉంచండి. కాంట్, ముఖచిత్రం ఇంటి దగ్గర చదువుకోమని ఇస్తే సరిపోతుంది.